యూటా ఎర్రరాతి సీమలో ఐదు రాత్రులు

అక్టోబరు రెండో వారంలో నేను, నా భార్య, మా బావమరిది డెన్వర్ నుంచి కారులో బయలుదేరి, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఆర్చెస్, కేన్యన్‌ల్యాండ్స్, కేపిటల్ రీఫ్ నేషనల్ పార్కులలో ఐదు రాత్రులు టెంటులో గడిపి వచ్చాము. అక్కడ బస ఎంచుకునేవారు ముందుగా చూసుకోవలసింది నీరు, నీడ ఎంత దూరంలో ఉన్నాయన్నదే. ఆ సీమలో అందానికి ఎక్కడా కొదవ లేదు, కొదవంతా నీటికే.

మొదటి రెండు రాత్రులు ఆర్చెస్‌లోని డెవిల్స్ గార్డెన్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాము. పార్కు ద్వారం నుంచి 18 మైళ్లు లోపలికి ఉండే ఈ చోట 51 స్థలాలే ఉన్నాయి కనుక, ఆరు నెలల ముందు, ఏప్రిల్‌లోనే బుక్ చేసుకున్నాము. కుళాయి నీరు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి. స్నానానికి వసతి లేదు. పగటి సందర్శకులు తిరుగుముఖం పట్టాక 306 అడుగుల పొడవున వంతెనలా సాగిన రాతితోరణం ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దగ్గరికి తీరికగా నడిచి వెళ్లగలగడం ఈ బసకున్న పెద్ద లాభం. 1991లో దాని నుంచి పెద్ద రాతిపలక విరిగిపడినప్పటి నుంచి కిందికి ఎవరినీ పోనివ్వడం లేదు.

డెలికేట్ ఆర్చ్ నడక రానుపోను మూడు మైళ్లే అయినా, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సగం దారి చెట్టు నీడ లేని ఏటవాలు బండ మీదనే సాగుతుంది. దారి గుర్తుగా పేర్చిన చిన్న రాళ్ల పోగులను చూసుకుంటూ ఎక్కాలి. మనిషికి రెండు లీటర్లు తీసుకెళ్లాము, చుక్క మిగలలేదు. చివర కొండ అంచున తొలిచిన సన్నని బాట మలుపు తిరగగానే ఆ తోరణం ఒక్కసారిగా ఎదుట నిలిచింది. చాలాసేపు ముగ్గురం మాట్లాడుకోలేదు.

మూడో రాత్రి కేన్యన్‌ల్యాండ్స్‌లోని విల్లో ఫ్లాట్‌లో గడిచింది. అక్కడ 12 స్థలాలే ఉన్నాయి. బుకింగ్ లేదు, ముందు వచ్చినవారికే చోటు. నీరు అసలే ఉండదు గనుక మోయాబ్ ఊరిలోనే డబ్బాలు నింపుకున్నాము. దగ్గరలోని గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ నుంచి సూర్యాస్తమయం చూశాము. పెన్నా కోసిన గండికోట లోయను చిన్ననాటి నుంచి ఎరిగిన నాకు కూడా ఆ లోతు ఊహకు అందలేదు. రాత్రి గాలి లేచింది. టెంటు అద్దెకిచ్చిన దుకాణంవారు ఇచ్చిన మేకులు జానెడైనా లేని సన్నని తీగలు. ఇసుకలో ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. ఇసుక నేలకు పొడవాటి, వెడల్పాటి మేకులు కావాలని అడిగి తీసుకోవడం మరవవద్దు. “ఏమండీ, తాళ్లు నీళ్ల డబ్బాలకు కట్టండి” అని నా భార్య అనడంతో, నిండుగా ఉన్న రెండు డబ్బాలకు, కారు చక్రానికి కట్టి తెల్లవార్లూ నెట్టుకొచ్చాము. బాట పక్కన నల్లగా, గరుకుగా కనిపించే మట్టిపెచ్చు సూక్ష్మజీవులు అల్లిన సజీవమైన పొర. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ చీకటిలోనూ బాట దాటకుండా జాగ్రత్తపడ్డాము.

చివరి రెండు రాత్రులు కేపిటల్ రీఫ్‌లోని ఫ్రూటాలో ఉన్నాము. ఐదు రాత్రులలో నా ఓటు దీనికే. ఫ్రీమాంట్ నది ఒడ్డున, ఎర్రని గోడల మధ్య, 1880ల నుంచి మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబాలు ఒకప్పుడు పెంచిన పండ్లతోటల పక్కనే టెంటు వేసుకోవచ్చు. నీడ ఉంది, కుళాయి ఉంది, నిద్ర పట్టింది. కోతకు తెరిచిన తోటలో ఆపిల్ పండ్లు అక్కడే కోసుకుని తింటే ఉచితం. బయటికి తీసుకువెళ్లేవాటిని మనమే తూచుకుని డబ్బు పెట్టెలో వేయాలి. తిరుగు ప్రయాణానికి మా బావమరిది తూచిన సంచి నాలుగు పౌన్లు తూగింది. డెన్వర్ చేరేలోగా అది ఖాళీ అయింది.