ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ 2.0: 2021 నుంచి వాడాక తేలింది ఇదీ

రిటర్ను లోపలికి వెళ్లాక ఈ పోర్టల్‌తో పెద్దగా పేచీ లేదు. ఏడిపించేదంతా లోపలికి వెళ్లేవరకే. లెక్క సరిగా ఉండి, ఈ-వెరిఫై (రిటర్ను నాదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) కూడా అయిన ఐటీఆర్-1, అంటే జీతగాళ్లు ఎక్కువగా వేసే తేలికపాటి రిటర్ను, చాలాసార్లు కొద్దిరోజుల్లోనే ప్రాసెస్ అయి రిఫండు ఖాతాలో పడుతోంది. అంతకుముందు ఇదే పనికి సగటున 63 రోజులు పట్టేది. దాన్ని ఒక్క రోజుకు తెస్తామని చెప్పే 2019 జనవరిలో కేంద్ర కేబినెట్ ఈ ప్రాజెక్టుకు రూ.4,241.97 కోట్లు మంజూరు చేసింది. కాంట్రాక్టు ఇన్ఫోసిస్‌కు వెళ్లింది.

ఈ అంకె దగ్గర ఒక మాట. ‘నాలుగు వేల కోట్ల వెబ్‌సైట్’ అని అందరూ అనేస్తారు గానీ, అది ఎనిమిదిన్నరేళ్ల మొత్తం ప్రాజెక్టు ఖర్చు. బెంగళూరు ప్రాసెసింగ్ సెంటర్, జీఎస్టీ, అద్దెలు, పోస్టేజీ, పర్యవేక్షణ అన్నీ అందులోనే. 2019 జనవరి నుంచి 2021 జూన్ దాకా కంపెనీకి చెల్లించింది రూ.164.5 కోట్లని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. తక్కువేం కాదు. కానీ తిట్టేటప్పుడు కూడా సరైన అంకెతో తిడితేనే దెబ్బ తగులుతుంది.

అసలు తప్పు ధరలో కన్నా మార్చిన తీరులో ఉంది. 2021 జూన్ 1 నుంచి 6 వరకు పాత సైటు మూసేశారు, 7న కొత్తది తెరిచారు. రెండూ కొన్నాళ్లు పక్కపక్కన నడవలేదు. తలుపులు బిగించకుండా గృహప్రవేశం చేసి, పాత ఇంటి తాళాలు అప్పగించేసినట్టయింది. మర్నాడే ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ట్విటర్‌లో ఇన్ఫోసిస్‌ను, దాని సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకనిని నిలదీశారు. ఆగస్టు 21, 22 తేదీల్లో సైటు అసలు తెరుచుకోలేదు. 23న కంపెనీ సీఈఓ సలీల్ పరేఖ్‌ను పిలిపించి, సెప్టెంబరు 15లోగా అంతా సరిచేయమన్నారు. రిటర్నుల గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 30కి, అక్కడి నుంచి డిసెంబరు 31కి జరిగింది.

గడువు జరపడం ఉత్తర్వులోనే జరిగింది, సాఫ్ట్‌వేర్ పాత తేదీనే పట్టుకు కూర్చుంది. జులై 31 దాటగానే కొందరికి సెక్షన్ 234ఎ కింద వడ్డీ, 234ఎఫ్ కింద ఆలస్య రుసుము వేసేసింది. తర్వాత ఆ లోపాన్ని ఆగస్టు 1న సరిచేశామని శాఖే ప్రకటించింది. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు కావలసిన 15సీఏ, 15సీబీ ఫారాలు పోర్టల్లో పడకపోతే కాగితం మీద బ్యాంకుకు ఇవ్వమన్నారు, ఆ వెసులుబాటును ఆగస్టు 15 దాకా పొడిగిస్తూ వచ్చారు. హైదరాబాద్‌లో ఫ్లాటు అమ్మి డల్లాస్‌కు డబ్బు పంపించుకునేవాళ్లకు అప్పట్లో ఈ రెండు ఫారాలూ లేకపోతే బండి కదిలేది కాదు. ఆన్‌లైన్ చేశామన్న పని కోసం మళ్లీ కాగితం పట్టుకుని బ్యాంకు మేనేజరు ముందు నిలబడటమన్నమాట.

అవన్నీ పాత ముచ్చట్లే అనుకుందాం. ఇప్పటికీ వేధించేవాటికి వద్దాం.

మొదటిది పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు చివర: మన తెలుగువాళ్లలో సగం ఇళ్లలో ఇదే పరిస్థితి. రిఫండు రావాలంటే బ్యాంకు ఖాతా ప్రీ-వ్యాలిడేట్ కావాలి, అంటే ముందే సరిచూసి ఖరారు కావాలి, అక్కడ పాన్ పేరుతో ఖాతా పేరు పోల్చి చూస్తారు. ‘వి. సత్యనారాయణ’ అని ఉంటే తిరగ్గొట్టే అవకాశం ఎక్కువ. పాన్ మార్చడం కన్నా బ్యాంకులో కేవైసీ ఇచ్చి పేరు పూర్తిగా రాయించుకోవడం తేలిక. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాదారులు ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) కూడా చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, కోడ్‌లు మారాయి. పాత కోడ్ ప్రొఫైల్లో ఉండిపోతే రిఫండు వెనక్కి పోతుంది. మై ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్‌కు వెళ్లి రీవ్యాలిడేట్ చేసి, ఆ తర్వాతే రిఫండ్ రీఇష్యూ పెట్టాలి. వరస తిరగేస్తే మళ్లీ మొదటికే.

రెండోది ఏఐఎస్, అంటే ఏడాదిలో మన ఆదాయం, లావాదేవీల గురించి శాఖ దగ్గరున్న చిట్టా. అది మెనూలో కనిపిస్తుంది గానీ ఈ సైటులో ఉండదు, నొక్కితే వేరే ట్యాబ్‌లో కంప్లయన్స్ పోర్టల్ తెరుచుకుంటుంది. బ్రౌజర్ పాప్-అప్‌లు ఆపేస్తుంటే ఏమీ జరగనట్టే ఉంటుంది, సైటు పనిచేయట్లేదనుకుంటాం. మన పేరుమీద కట్టిన పన్నులు చూపే 26ఏఎస్ అయితే ఇంకోచోటికి, ట్రేసెస్ అనే సైటుకు పంపిస్తుంది. అన్నీ ఒకచోట ఉంటాయని కట్టిన పోర్టల్లో మూడు సైట్ల మధ్య తిరగడం ఏమిటో! ఏఐఎస్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పాన్ చిన్న అక్షరాల్లో, వెనకే పుట్టినతేదీ ఎనిమిది అంకెల్లో. పాన్‌ను పెద్ద అక్షరాల్లో కొడితే తెరుచుకోదు. ఇంకో సంగతి, జనవరి-మార్చి టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) వివరాలు కంపెనీలు ఇవ్వడానికి మే 31 వరకు టైముంటుంది. జూన్ 15కి ముందే ఫైల్ చేసి టీడీఎస్ కనబడలేదని గోల పెట్టడం దండగ.

మూడోది చలాన్. ఈ-పే ట్యాక్స్‌లో రిటర్ను వేసేముందు మిగిలింది కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు మైనర్ హెడ్ (ఏ రకం చెల్లింపో చెప్పే కోడ్) 300, అడ్వాన్స్ ట్యాక్స్‌కు 100. తొందరలో సంవత్సరం తప్పు ఎంచుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. దిద్దుకునే సదుపాయం పోర్టల్లోనే ఉంది, కాకపోతే దానికి ఇచ్చే రోజులు బాగా తక్కువ, కట్టిన వెంటనే రసీదు చదవాలి. ఖాతాలో డబ్బు కట్ అయి చలాన్ రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. మర్నాడు పేమెంట్ హిస్టరీ చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఈ-వెరిఫికేషన్‌కు 2022 ఆగస్టు నుంచి 30 రోజులే, అంతకుముందు 120. ఆ 30 దాటితే వెరిఫై చేసిన తేదీనే ఫైల్ చేసిన తేదీ అవుతుంది. జులైలో వేసిన రిటర్ను కూడా ఆలస్యం కిందికి వచ్చి రూ.5,000 పడుతుంది, ఆదాయం 5 లక్షల లోపైతే రూ.1,000.

ఇవన్నీ ఓపికతో దాటే చిక్కులు. ఓపికతో దాటలేనిది 2024లో వచ్చింది. ఆ ఏడాది కొత్త పన్ను పద్ధతిలో 7 లక్షల లోపు ఆదాయానికి సెక్షన్ 87ఎ కింద పన్నులో తగ్గింపు (రిబేటు) రూ.25,000 దాకా ఉంది. జీతం, స్టాండర్డ్ డిడక్షన్ పోగా, 5 లక్షలు, షేర్లమీద స్వల్పకాలిక లాభం రూ.80,000 ఉన్న మనిషిని తీసుకుందాం. జీతంమీద పన్ను 10,000, షేర్లమీద 15 శాతం చొప్పున 12,000. రిబేటు రూ.22,000 పోతే కట్టాల్సింది సున్నా. జులై 5న సాఫ్ట్‌వేర్ మార్చారు. షేర్ల పన్నుకు రిబేటు రాదంది. అదే మనిషికి సెస్సుతో కలిపి రూ.12,480 తేలింది. జూన్‌లో ఫైల్ చేసినవాళ్లకు ఒక లెక్క, జులై చివర్లో చేసినవాళ్లకు ఇంకో లెక్క, చట్టం మాత్రం మారలేదు. పైగా రిబేటు నాకు వస్తుందని రాయడానికి గడే లేదు. రాస్తేనే కదా తర్వాత అధికారి దగ్గరో ట్రైబ్యునల్లోనో వాదించుకునేది! బాంబే హైకోర్టు డిసెంబరులో జోక్యం చేసుకుంటే ఆలస్యపు రిటర్నుల గడువు 2025 జనవరి 15కి జరిగింది. జనవరి 24న తుది తీర్పులో, క్లెయిమ్ చేసుకునే దారిని సాఫ్ట్‌వేర్ మూసేయకూడదని, యుటిలిటీని, అంటే రిటర్ను నింపే ఆ సాఫ్ట్‌వేర్‌ను, మార్చాలని చెప్పింది. అలాంటి ఆదాయానికి రిబేటు లేదని 2025 ఫైనాన్స్ చట్టంలో విడిగా రాసుకున్నారు. అంటే ముందు చట్టంలో అంత స్పష్టంగా లేదనేగా.

సర్వర్ల బలం మాత్రం పెరిగింది, ఒప్పుకోవాలి. 2024 జులై 31 ఒక్కరోజే 69.92 లక్షల రిటర్నులు దాఖలయ్యాయి, రాత్రి ఏడు నుంచి ఎనిమిది మధ్యే 5.07 లక్షలు. అయినా 2025లో షేర్ల లాభాలు, వ్యాపారం ఉన్నవాళ్లు వేసే ఐటీఆర్-2, 3 ఆఫ్‌లైన్ యుటిలిటీలు జులై 11 దాకా రాలేదు, గడువు సెప్టెంబరు 15కి వెళ్లింది, చివర్లో ఇంకో రోజు కలిపారు. ఆ కలిపిన రోజు, 16వ తేదీ, అర్ధరాత్రి నుంచి రెండున్నర దాకా సైటు మెయింటెనెన్సులో పెట్టారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు షేర్లు, వ్యాపారం ఉంటే ఆన్‌లైన్‌లో కాక ఆఫ్‌లైన్ యుటిలిటీలోనే నింపుకోండి. ఆన్‌లైన్‌లో కాసేపు కదలకుండా ఉంటే సెషన్ పోతుంది. మన వివరాలు ముందే నింపి ఉన్న ఫైలును (జేసన్ అంటారు) పోర్టల్ నుంచి దింపుకుని, నింపాక అప్‌లోడ్ చేసేరోజు యుటిలిటీ తాజా వెర్షనేనా అని చూడండి, పాతదైతే ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. చివరి వారంలో ఎర్రర్ వస్తే తేదీ, టైము, అడ్రస్ బార్ మూడూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, గ్రీవెన్స్ మెనూలో ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండి. ఆలస్యం మన్నించమని రేపు అర్జీ పెట్టుకోవాల్సి వస్తే ఆ నంబరు అడుగుతారు, ‘సర్వర్ డౌన్’ అన్న మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.