ఆర్గానిక్ సోలార్ సెల్లా, పెరోవ్‌స్కైటా: ఏది మేలు?

వెలుతురును కరెంటుగా మార్చే పొరను కార్బన్ ఆధారిత పాలిమర్లు, అణువులతో చేస్తే అది ఆర్గానిక్ సెల్. సీసం, అయోడిన్ లాంటివి కలిసిన పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికంతో చేస్తే పెరోవ్‌స్కైట్ సెల్. ఈ రెండిటినీ పోల్చాలంటే రెండిటిలోనూ చేయి తిరిగినవారి పనిని పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏలో మెటీరియల్స్ సైన్స్ ప్రొఫెసర్ యాంగ్ యాంగ్ అలాంటివారు. ఆయన బృందం 2005లో పాలిమర్ సెల్‌ను 4.4 శాతం సామర్థ్యానికి, 2014లో పెరోవ్‌స్కైట్ సెల్‌ను 19.3 శాతానికి చేర్చింది. రెండుసార్లూ వెలుతురును పీల్చే పదార్థం అప్పటికే అందరి దగ్గరా ఉన్నదే. తేడా అంతా పొర గట్టిపడిన తీరులో, ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య అతుకులో ఉంది.

ముందు మూలంలో ఉన్న తేడా చూద్దాం. ఆర్గానిక్ పదార్థంలో వెలుతురు పడితే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) జంటగా పుడతాయి. ఒకదాన్నొకటి వదలని ఆ జంట సుమారు 10 నానోమీటర్లు పోయేసరికి ఆరిపోతుంది. అందుకే ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థాన్నీ, తీసుకునేదాన్నీ ఒకే ద్రావణంలో కలిపి, ఏ మూల జంట పుట్టినా దాన్ని విడదీసే సరిహద్దు పక్కనే దొరికేలా చేస్తారు. పెరోవ్‌స్కైట్‌లో గది వేడికే జంట విడిపోతుంది, విడిపోయిన విద్యుదావేశాలు మైక్రాన్ దాకా పరిగెడతాయి. జంటను విడదీయడానికి ఖర్చయ్యే వోల్టేజీ మిగులుతుంది కనుకనే పెరోవ్‌స్కైట్ సెల్ 1.1 వోల్టులు ఇస్తే, పాత పీ3హెచ్‌టీ పాలిమర్ సెల్ 0.6 దగ్గరే ఆగింది. 2019లో వచ్చిన, ఎలక్ట్రాన్ తీసుకునే వై6 అణువు ఆర్గానిక్ సెల్‌ను 15 శాతం దాటించినా, వోల్టేజీ 0.85కు అటూఇటూగానే ఉంది.

తయారీకి వస్తే, ఆర్గానిక్ సెల్‌కు 2005 నాటి పద్ధతి చూడటానికి చాలా తేలిక. పీ3హెచ్‌టీ, ఎలక్ట్రాన్ తీసుకునే పీసీబీఎమ్ సమపాళ్ళలో డైక్లోరోబెంజీన్‌లో కరిగించి, నిమిషానికి 600 చుట్లతో తిప్పి, తడి ఆరకముందే తీసి మూత పెట్టిన గాజు పళ్ళెంలో ఉంచడం. నీడపట్టున నిదానంగా ఆరితే పాలిమర్ గొలుసులు వరసగా సర్దుకుంటాయి, హోల్స్ ఎలక్ట్రాన్లతో సమానంగా నడుస్తాయి. తర్వాత 110 డిగ్రీల వద్ద 10 నిమిషాల కాపు. గబగబా ఆరితే అదే మిశ్రమం సగం పని కూడా చేయదు. అతిగా కాచినా నష్టమే: రెండు పదార్థాలూ విడిపోయి పెద్ద ముద్దలవుతాయి, జంట సరిహద్దు చేరేలోపే ఆరిపోతుంది, కరెంటు పడిపోతుంది.

పెరోవ్‌స్కైట్‌కు ఇంత ఓపిక పనికిరాదు. లెడ్ (సీసం) అయొడైడ్, మిథైల్ అమోనియం అయొడైడ్‌లను డీఎమ్‌ఎఫ్, డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకాల మిశ్రమంలో కరిగించి 4000 చుట్లతో తిప్పుతూ, పొర మసకబారకముందే డైఇథైల్ ఈథర్ లాంటి ద్రవాన్ని పైనుంచి పోయాలి. ఆ అదను కొద్ది సెకన్లే. ఆలస్యమైతే స్ఫటికాలు ఎక్కడివక్కడ పెరిగి మధ్యలో చిల్లులు మిగులుతాయి, ఆ చిల్లుల్లో పై పొర కింది పొరను తాకి షార్ట్ అవుతుంది. 100 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద నల్లగా మెరిసే పొర రావాలి. పసుపు మచ్చలు కనిపించాయంటే లెడ్ అయొడైడ్ విడిగా మిగిలినట్టు: కాపు ఎక్కువైంది, లేదా తేమ తగిలింది. కానీ తేమ అసలే ఉండకూడదనీ కాదు. 2014 పనిలో పొరను 30 శాతం తేమలో పెంచితేనే స్ఫటికాలు బాగా కుదిరాయి. దానికి తోడు కింద టైటానియం ఆక్సైడ్‌లో యిట్రియం కలిపి ఎలక్ట్రాన్లకు దారి సులువు చేశారు.

మన్నికలో రెండిటికీ జబ్బులున్నాయి, కానీ వేరువేరు. పెరోవ్‌స్కైట్‌కు వేడి, నీరు శత్రువులు. 2019లో యాంగ్ బృందం అందులో కెఫీన్ కలిపింది. కాఫీలో ఉండే ఆ అణువులోని కార్బొనిల్ గుంపులు (కార్బన్, ఆక్సిజన్ జతలు) సీసాన్ని పట్టుకుని స్ఫటికాన్ని నిదానంగా పెరగనిస్తాయి, తర్వాత కదలకుండా బిగిస్తాయి. 85 డిగ్రీల వేడిలో, నైట్రోజన్ మధ్య, 1300 గంటలు నిలిచింది. ఆర్గానిక్ సెల్ మాత్రం వెలుతురులో ఆక్సీకరణకే చిక్కుతుంది. 2023లో అదే బృందం ఎల్‌-గ్లూటాథయోన్ అనే, ఆక్సీకరణను అడ్డుకునే పదార్థంతో పొర వేసి, 1000 గంటల తర్వాత కూడా సామర్థ్యంలో 80 శాతానికి పైగా నిలిపింది. పొర లేనిదానికి 20 శాతం కూడా మిగల్లేదు.

ఆ సెల్ గ్రీన్‌హౌస్ పైకప్పు కోసం చేసింది. దాని కింద గోధుమ, పెసర, బ్రొకోలీ పెంచి చూశారు. ఈ పనిలో పెరోవ్‌స్కైట్ ఆర్గానిక్‌కు పోటీ కాదు. అది సుమారు 800 నానోమీటర్ల లోపలి రంగులన్నీ మింగుతుంది, గాజు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆర్గానిక్ అణువును మాత్రం కంటికి కనిపించని పరారుణ కాంతినే ఎక్కువగా పీల్చేలా మలచవచ్చు. పైగా సీసం లేదు. పెరోవ్‌స్కైట్‌లో 500 నానోమీటర్ల పొరకు చదరపు మీటరుకు దాదాపు 0.7 గ్రాముల సీసం పడుతుంది. గాజు పగిలి వాన పడితే ఆ సీసం మట్టిలోకి దిగుతుంది, పంట మీద అలాంటిది పరచమని నేనైతే చెప్పను.

డాబా మీదైనా, సోలార్ పార్కులోనైనా కరెంటే ముఖ్యమైతే పెరోవ్‌స్కైట్‌నే ఎంచుకోవాలి, అదీ సిలికాన్ మీద పొరగా. సిలికాన్ ఒక్కదానికి సిద్ధాంతం ప్రకారం 29.4 శాతం హద్దు. జోడు సెల్‌తో 2024లో లోంగీ సంస్థ 34.6 శాతం చూపింది. అయితే అది ప్రయోగశాలలో చేసిన చిన్న ముక్క లెక్క. మండుటెండలో డాబా మీది ప్యానెల్ 65 డిగ్రీలు దాటుతుంది కనుక కొనేముందు అడగాల్సింది శాతం కాదు: 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్ష తర్వాత ఎంత మిగిలింది, అంచుల సీలు దేనితో వేశారు.