మూడు బంగారు రంగు స్టెప్ బిట్లు: పెడల్ డబ్బాకు నిజంగా పనికొచ్చేది ఒకటే

గిటార్ ఎఫెక్ట్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బా) ఇంట్లో కట్టుకునేవాళ్లను టంకం పని కంటే బెజ్జాల పనే ఎక్కువ ఏడిపిస్తుంది. సర్క్యూట్లో తప్పు దొర్లితే రెసిస్టర్ పీకేసి ఇంకోటి పెట్టచ్చు. డబ్బా మీద బెజ్జం పక్కకు జరిగిందంటే ఆ డబ్బా పోయినట్టే. తిరుపతి హార్డ్‌వేర్ షాపుల్లో "రేకుకు పెద్ద బెజ్జం వేసే బిట్" అని అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది బంగారు రంగు పూతతో మెరిసే మూడు స్టెప్ బిట్ల (మెట్లు మెట్లుగా లావయ్యే డ్రిల్ బిట్ల) సెట్. 4–12, 4–20, 4–32 మి.మీ. కొలతల్లో ఉంటాయి. ఏ కంపెనీ పేరూ ఉండదు, ఆన్‌లైన్లోనూ ఇదే దొరుకుతుంది, ధర సాధారణంగా మూడు నాలుగు వందల చుట్టూ ఉంటుంది. పెడల్ పనికి ఈ సెట్ ఎంతవరకు సరిపోతుందో చూద్దాం.

ముందు డబ్బా సంగతి. పెడల్‌కు వాడేది పోత పోసిన అల్యూమినియం డబ్బా. హామండ్ కంపెనీ 1590బి అందరికీ కొలబద్ద లాంటిది: సుమారు 112 మి.మీ. పొడవు, 60 వెడల్పు, 31 ఎత్తు. దాన్ని చూసి చేసిన చవక డబ్బాలూ ఇంచుమించు అదే కొలతలో వస్తాయి. గోడ మందం 2 మి.మీ. పైచిలుకు. దాని మీద పడాల్సిన బెజ్జాలు ఇవి: ఫుట్‌స్విచ్‌కు (కాలితో నొక్కే స్విచ్) 12, పాట్‌కు (నాబ్ తిప్పే వేరియబుల్ రెసిస్టర్) 7, లోహపు బాడీ ఉన్న తెరిచిన జాక్‌కు (కేబుల్ ప్లగ్ దూర్చే సాకెట్) 9.5 నుంచి 10, ప్లాస్టిక్ డీసీ సాకెట్‌కు 12, 5 మి.మీ. ఎల్ఈడీని హోల్డర్‌తో బిగిస్తే 8, చిన్న టాగుల్ స్విచ్‌కు 6 నుంచి 6.5. మూసిన ప్లాస్టిక్ జాక్‌లు కంపెనీని బట్టి 10 నుంచి 12 దాకా మారుతుంటాయి. అందుకే వస్తువులన్నీ చేతికొచ్చి, వర్నియర్‌తో మరలు కొలిచాకే బిట్ పట్టుకోవాలి. వెబ్‌సైట్లో రాసిన కొలతను నమ్మి బెజ్జం వేస్తే సగం సార్లు ఆకురాయి పట్టాల్సి వస్తుంది.

ఈ సెట్‌లో ఉన్న పెద్ద లోటు ఇక్కడే బయటపడుతుంది. మూడు బిట్లకూ మెట్లు 2 మి.మీ. చొప్పునే: 4, 6, 8, 10, 12, ఇలా. 7 ఎక్కడా లేదు. పెడల్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వేసే బెజ్జం 7. మూడు పాట్‌ల పెడల్‌కు మూడు బెజ్జాలూ ఈ సెట్‌తో కుదరవు. అట్ట మీద "మూడు బిట్లు, ఇరవైకి పైగా మెట్లు" అనే లెక్క చూసి కొన్నవాళ్లకు ఇది ఇంటికెళ్లాక తెలుస్తుంది.

7కు బదులు 8 వేస్తే ఏమవుతుంది? పాట్‌ను తీగలతో కలిపే పద్ధతైతే పెద్ద నష్టం లేదు, వాషరూ నట్టూ ఆ సందును కప్పేస్తాయి. పాట్‌లు నేరుగా సర్క్యూట్ బోర్డు మీదే టంకం వేసి ఉంటే మాత్రం కష్టం. వదులు బెజ్జంలో నట్టు బిగించేటప్పుడు ఒక్కో పాట్ ఒక్కో వైపు జరుగుతుంది, ఆ లాగుడంతా టంకం మీద పడుతుంది. నెల తర్వాత గరగర శబ్దం వస్తే అది చాలాసార్లు ఇక్కడ చిట్లిన టంకమే.

మరి మామూలు 7 మి.మీ. బిట్‌తో వేస్తే పోదా అనిపిస్తుంది. మామూలు బిట్ మొన 118 డిగ్రీల కోణంలో ఉంటుంది. ఆ మొన ఎత్తు వ్యాసంలో సుమారు 0.3 వంతు. అంటే 7కు 2.1 మి.మీ., 12కు 3.6 మి.మీ. డబ్బా గోడ 2 మి.మీ. చిల్లర కాబట్టి, బిట్ పూర్తి వ్యాసంతో లోహంలో కూచునేలోపే మొన అవతల తేలిపోతుంది. ఆసరా లేని బిట్ ఊగుతుంది, బెజ్జం గుండ్రంగా కాక మూడు మూలలుగా వస్తుంది, చివర్లో లోహాన్ని పట్టేసి డబ్బాను గిర్రున తిప్పేస్తుంది. ఒట్టి చేత్తో డబ్బా పట్టుకుని 12 మి.మీ. బిట్ వేయడం వేళ్లు పోగొట్టుకునే పని. స్టెప్ బిట్ గొప్పతనం అక్కడే ఉంది. ప్రతి మెట్టూ అప్పటికే గుండ్రంగా ఉన్న బెజ్జాన్ని అన్ని వైపులా 1 మి.మీ. మాత్రమే విప్పుతుంది, కాబట్టి కదలదు, గుండ్రం చెడదు. పలుచటి లోహానికి ఇంతకు మించిన పనిముట్టు ఇంటి పనిలో లేదు.

7కు దారి రెండు రకాలు. మొదటిది, ఈ సెట్ పక్కన పెట్టి 1 మి.మీ. మెట్లున్న 4–12 బిట్ ఒక్కటే విడిగా కొనడం. అందులో 4, 5, 6, 7 వరుసగా వస్తాయి. రెండోది, సెట్ ఇప్పటికే కొనేసి ఉంటే 6 దాకా స్టెప్‌తో వేసి, మిగతాది 7 మి.మీ. మామూలు బిట్‌తో నిదానంగా విప్పడం. ఇక్కడ బిట్ స్క్రూలాగా లోపలికి దూసుకుపోయే ప్రమాదం ఉంది. కోసే అంచు రెండింటినీ నూనె రాయి మీద రెండు రుద్దులు రుద్ది ఆ పదును కాస్త చంపితే దూసుకుపోదు, గీకుతూ దిగుతుంది. ఇత్తడికి లేత్ పనివాళ్లు చేసే కిటుకే ఇది. డబ్బాను వైస్‌లో చెక్కముక్కల మధ్య బిగించాకే ఈ పని మొదలుపెట్టాలి.

ఇక సెట్‌లో ఒక్కో బిట్. 4–12 గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అది చేసేదంతా 4–20 చేస్తుంది, పైగా 4–12కు ఒక లోపం ఉంది: 12 తర్వాత మెట్టు లేదు కాబట్టి ఫుట్‌స్విచ్ బెజ్జం అంచు మీద పొలుసు (కోసినప్పుడు లేచే గరుకు లోహం) అలాగే మిగిలిపోతుంది.

4–20 మాత్రం డబ్బు గిట్టుబాటయ్యే బిట్. 12 మెట్టు పూర్తిగా దిగాక 14 మెట్టును ఒక్క క్షణం ఆనిస్తే చాలు, అంచు సన్నగా వాలి నున్నగా వస్తుంది, రంగు పెచ్చులూడదు. ఎక్కువ నొక్కితే మాత్రం బెజ్జం 14 అయి కూచుంటుంది, ఇక దాన్ని వాషర్‌తో కప్పడమే. అందుకే ఆపాల్సిన మెట్టు పైన నల్ల మార్కర్‌తో చుట్టూ గీత గీయండి. తిరిగేటప్పుడు ఆ గీత ఉంగరంలా కనబడుతుంది, కంటికి తప్పదు. లోపలి వైపు పొలుసును బిట్‌ను వేళ్లతో పట్టుకుని రెండు తిప్పులు తిప్పి తీసేయండి, దానికి మిషన్ అక్కర్లేదు. ఫుట్‌స్విచ్ మర సరిగ్గా 12 ఉంటుంది కాబట్టి బెజ్జం వేశాక పౌడర్ కోటింగ్ చేయించే ఆలోచన ఉంటే 12 చాలదు, పూత మందానికి బెజ్జం ఇరుకవుతుంది. గుండ్రటి ఆకురాయితో 0.3 మి.మీ. దాకా విప్పి పంపాలి.

4–32ను పెడల్ పనికి మిషన్‌లో బిగించకపోవడమే మేలు. 32 మి.మీ. బెజ్జం ఏ పెడల్‌కూ ఉండదు. బిట్ బరువుకు చవక చక్ (మిషన్‌లో బిట్‌ను పట్టే భాగం) ఊగుతుంది, ఆ ఊగుడు బెజ్జంలో కనబడుతుంది. చేత్తో తిప్పి పొలుసు తీయడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది, పట్టుకోవడానికి లావుగా ఉంటుంది కాబట్టి.

బంగారు రంగు పూత గురించి ఒక మాట. అది టైటానియం నైట్రైడ్. ఇనుము మీద అరుగుదల తగ్గిస్తుంది. అల్యూమినియం మీద దానివల్ల పెద్ద లాభం కనబడదు. అల్యూమినియం అసలు శత్రువు అరుగుదల కాదు, అంటుకోవడం: వేడికి మెత్తబడిన లోహం కోసే అంచుకు ముద్దలా పట్టేస్తుంది, ఆ తర్వాత బిట్ కోయదు, రుద్దుతుంది. రెండు చుక్కల కిరసనాయిలు గానీ కుట్టుమిషను నూనె గానీ వేస్తే అంటుకోదు. అంటుకున్నదాన్ని ఇత్తడి బ్రష్‌తో గీకేయాలి. పూత మెరుపు కంటే కొనేటప్పుడు చూడాల్సింది గాడి అంచు. గోటిని అంచుకు ఆనించి లాగితే సన్నటి తురుము రావాలి. జారిపోతే ఆ బిట్ షాపులోనే మొద్దు.

అల్యూమినియం డబ్బా ఖరీదనిపించి స్టీలు టిఫిన్ బాక్సుకు బెజ్జాలు వేసేవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. ఈ సెట్‌తో ఆ పని పెట్టుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీలును వేగంగా, తేలిగ్గా రుద్దితే ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. మొదటి బెజ్జంలోనే బిట్ అంచు నీలం రంగుకు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. తప్పదనుకుంటే వేగం బాగా తగ్గించి, గట్టిగా నొక్కి, నూనె ఆపకుండా వేయాలి.

వేసే పద్ధతి. కొలతల బొమ్మను ఏ4 కాగితం మీద 100 శాతం సైజులో ప్రింట్ తీయించండి. జిరాక్స్ షాపుల్లో "పేజీకి సరిపెట్టు" అనేది తెలియకుండా ఆన్‌లో ఉండి బొమ్మ నాలుగైదు శాతం కుంచించుకుపోతుంది, కాబట్టి బొమ్మలో 100 మి.మీ. గీత ఒకటి పెట్టుకుని స్కేలుతో కొలిచాకే షాపు బయటికి రండి. డబ్బాకు ముందు మాస్కింగ్ టేపు, దాని మీద కాగితం జిగురుతో అంటించాలి. డబ్బా లోపల చెక్కముక్క ఆనించి సెంటర్ పంచ్‌తో (బెజ్జం చోట చిన్న గుంట చేసే మొన ఉలి) ఒకే దెబ్బ. చెక్క పెట్టకుండా కొడితే పైభాగం లోపలికి సొట్ట పోతుంది. తర్వాత 3 మి.మీ. మామూలు బిట్‌తో అన్ని బెజ్జాలూ. నేరుగా స్టెప్ బిట్ మొన పెడితే రంగు మీద స్కేటింగ్ చేస్తుంది. మొదటి బెజ్జం 4 కంటే పెద్దదైతే స్టెప్ మొనకు దారి చూపేది ఏమీ ఉండదు, ఆ తప్పూ చేయకండి. ఇంపాక్ట్ డ్రిల్ అయితే సుత్తి గుర్తు మీద నుంచి మామూలు గుర్తుకు మార్చారో లేదో చూసుకోండి. 3 మి.మీ.కు పూర్తి వేగం ఫర్వాలేదు, 10 దాటాక నిమిషానికి వెయ్యి చుట్లకు మించొద్దు.

పక్క గోడల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. పోత అచ్చులోంచి ఊడి రావడానికి గోడలకు కొంచెం వాలు పెడతారు, అందుకే డబ్బాను బల్ల మీద నిలబెట్టి వేస్తే బెజ్జం ఏటవాలుగా వస్తుంది. కింద అట్టముక్క దూర్చి ఆ గోడను సమంగా తెచ్చుకోవాలి. రెండు జాక్‌లనూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టకండి. ప్లగ్ పొడవు సుమారు 31 మి.మీ., 1590బి లోపలి వెడల్పు 56 దాకానే. రెండు వైపులా కేబుల్ పెట్టాక మొనలు ఒకదాన్నొకటి తాకుతాయి. ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు జరపండి, మూలల్లోని స్క్రూ దిమ్మెలకు దూరంగా. 1590ఎ లాంటి 38 మి.మీ. వెడల్పు డబ్బాలో ఇంకో చిక్కు: స్టెప్ బిట్ 12 మెట్టు దిగేసరికి మొన అవతలి గోడ దాకా వెళ్తుంది. దూసుకుపోకుండా చేయి బిగపట్టాలి.

డ్రిల్ మిషన్ లేనివాళ్లకు రేణిగుంట వైపు లేత్ షాపులున్నాయి. అక్కడ నిలువు డ్రిల్ మీద 7 మి.మీ. శుభ్రంగా పడుతుంది. నోటితో చెప్పకుండా కొలతల కాగితం డబ్బాకు అంటించే ఇవ్వండి, ప్రతి బెజ్జం పక్కన వ్యాసం రాయండి. డబ్బాను నేరుగా వైస్ దవడల మధ్య బిగిస్తే గోడ వంగి మూత సరిగ్గా కూచోదు, చెక్కముక్కలు మీరే తీసుకెళ్లడం మంచిది. పది డబ్బాలుంటే ఈ దారే తేలిక, ఒకటి రెండింటికి 4–20 చాలు.

బెజ్జాలయ్యాక డబ్బాను సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నూనెతో అంటుకున్న అల్యూమినియం తురుము ఒక్క ముక్క బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. జాక్ బిగించే చోట లోపలి రంగును ఇసుక కాగితంతో గీకి లోహం బయటపెట్టండి. జాక్ ద్వారానే డబ్బా అంతా గ్రౌండ్ అవుతుంది, రంగు అడ్డుంటే హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తుంది. డీసీ సాకెట్ మాత్రం ప్లాస్టిక్‌దే కొనండి. పెడల్ అడాప్టర్లలో మధ్య పిన్ నెగటివ్, బయటి భాగం పాజిటివ్. లోహపు సాకెట్ పెడితే ఆ 9 వోల్టుల పాజిటివ్ నేరుగా గ్రౌండ్ అయిన డబ్బాకు తగిలి షార్ట్ అవుతుంది.