గాలిగోపురం దగ్గర కూలబడ్డవాడి ఛాతీ పట్టీ రివ్యూ

పోయినేడు అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం చేరేసరికి నా పని అయిపోయింది. మొత్తం మెట్లు 3550, అందులో గాలిగోపురం దాకానే రెండు వేల పైచిలుకు, కష్టమంతా అక్కడే, ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునుగానే ఉంటుంది. అది తెలిసి కూడా, ఇంకా కుర్రాడినే అనుకుని మొదటి ఐదొందల మెట్లు గబగబా ఎక్కేశాను. పైన కూలబడ్డాక మా ఆవిడ మజ్జిగ చేతిలో పెట్టి, "నలభై ఎనిమిదండీ మీకు, ఇరవై ఎనిమిది కాదు" అంది.

ఇంటికొచ్చి డాక్టరుకు చూపించుకున్నాను, గుండె బాగానే ఉందన్నారు, లేనిదల్లా అలవాటే. అప్పుడు కొన్నవి రెండు. ఒకటి పోలార్ హెచ్10 అనే ఛాతీ పట్టీ, రెండోది ఒక జత డంబెల్స్. రివ్యూ పట్టీ గురించే అయినా డంబెల్స్ సంగతీ చెప్పాలి, ఎందుకో మీకే తెలుస్తుంది.

పట్టీ అంటే సాగే బెల్టు, దానికి చొక్కా గుండీల్లా నొక్కితే అతుక్కునే చిన్న సెన్సర్. ఈసీజీలో లాగే గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని పట్టుకుని, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో బ్లూటూత్‌లో ఫోనుకు పంపుతుంది. చేతి వాచీలు చేసేది వేరే పని, చర్మం మీద పచ్చ లైటు వేసి లోపల రక్తం ఎలా పొంగుతోందో చూసి లెక్కకడతాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు నా పాత వాచీ (కంపెనీ పేరెందుకులెండి), ఈ పట్టీ ఒకే అంకె చూపిస్తాయి. డంబెల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచానా, పట్టీ 128 అంటుంటే వాచీ 85 దగ్గరే ఉంటుంది. ఇంకో తమాషా, మెల్లగా జాగింగ్ చేస్తుంటే వాచీ 160 చూపించి నన్ను హడలగొట్టింది, తీరా చూస్తే అది గుండె లెక్క కాదు, నిమిషానికి నా అడుగుల లెక్క.

ఇక అసలు విషయం. ఇది కొన్నాక వేగం పెంచుతాననుకున్నాను, తగ్గించాల్సి వచ్చింది. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేది గుండె నిమిషానికి గరిష్ఠంగా కొట్టుకోగల లెక్క, నాకు 172, అందులో అరవై నుంచి డెబ్బై శాతం అంటే 103 నుంచి 120 మధ్య ఎక్కువసేపు నడవాలి. (ఈ 220 లెక్క ఉజ్జాయింపే, ఒకే వయసు వాళ్ల మధ్య కూడా పది పన్నెండు తేడా మామూలే.) మొదటి వారం నా మామూలు నడకకే 135 వచ్చేసింది! 120 దాటకూడదని పట్టుబట్టి నడిస్తే పార్కులో అరవై దాటిన పెద్దాయనలు నన్ను దాటుకుంటూ వెళ్లారు, ఒకాయన ఆగి "ఏం నాయనా, కాలు బెణికిందా" అని కూడా అడిగారు. సిగ్గేసింది గానీ వదల్లేదు. రోజుకు నలభై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, అంటే 160 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం 150కి సరిపోయింది. నాలుగో నెలకు అదే 120లో ఇంచుమించు ఆ పెద్దాయనల వేగం వచ్చింది.

వెయిట్లకు మాత్రం ఈ పట్టీ దండగ, ఇది కంపెనీ తప్పు కాదు. బస్కీలు తీసేటప్పుడు గుండె ఎంత కొట్టుకుందన్నది బలం పెరిగిందో లేదో చెప్పదు. ఐదు కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు పన్నెండున్నర పట్టుకుని తీస్తున్నాను, గోడకు ఆనుకుని చేసిన దండీలు నేల మీదకు దిగాయి, దానికి పెన్నూ నోటుబుక్కూ చాలు. ముప్ఫై దాటాక కండ మెల్లగా తరుగుతూనే ఉంటుంది, నడక ఒక్కటే దాన్ని ఆపలేదు. కాబట్టి డబ్బులు ఏదో ఒకదానికే ఉంటే డంబెల్సే కొనండి, పట్టీ తర్వాత చూసుకోవచ్చు.

వాడకంలో తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడపాలి, పొడిగా కడితే పిచ్చి అంకెలు వస్తాయి, ఏ ఛాతీ పట్టీకైనా ఇంతే. పనయ్యాక సెన్సర్ ఊడదీయాలి. ఓసారి నేను బద్ధకించి సెన్సర్‌ని చెమటతో తడిసిన పట్టీకే వదిలేస్తే అది ఆన్‌లోనే ఉండి బ్యాటరీ తాగేసింది. సీఆర్2025 నాణెం బ్యాటరీ, 400 గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది, వెనక మూత పైసా బిళ్లతో తిప్పి మనమే మార్చుకోవచ్చు. పట్టీని ప్రతిసారీ కడగాలి, లేకపోతే వాసన. ధర కాస్త ఎక్కువే.

పోయిన నెల మళ్లీ అలిపిరి వెళ్లాం. చొక్కా లోపల పట్టీ, 140 దాటితే ఆగడం, 115కి దిగాక మళ్లీ ఎక్కడం, ఇదే నియమం. గాలిగోపురానికి పోయినేటికన్నా ఆలస్యంగానే చేరాను, కూలబడలేదు. చివర్లో నిటారుగా ఉండే మోకాళ్ల పర్వతం దగ్గర 158 చూపించింది, అక్కడ నియమం గాలికొదిలేశాను. మా ఆవిడ ఏ పట్టీ లేకుండానే నాకన్నా ముందు చేరి ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు తింటోంది.

మా బావగారు తనకూ ఒకటి తెప్పించమన్నారు, వద్దన్నాను. ఆయన బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటారు, అది గుండె వేగాన్నే అణిచి ఉంచుతుంది, 220 లెక్క ఆయనకు పనికిరాదు. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంలో నడవండి, డాక్టరుగారిని కూడా ఓ మాట అడగండి అన్నాను. మిగతావాళ్లు కొనేటట్లయితే పట్టీ రెండు సైజుల్లో వస్తుంది, ఆర్డర్ పెట్టే ముందు టేపుతో ఛాతీ కొలుచుకోండి.