కీటన్ నోరు విప్పిన రోజులు: ‘లాస్ట్ కీటన్’ డీవీడీ సెట్

అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్ అనగానే అందరూ మూకీల దగ్గరే ఆగిపోతారు. 1933లో ఎంజీఎం స్టూడియో ఆయన్ని సాగనంపాక, 1934-37 మధ్య ఎడ్యుకేషనల్ పిక్చర్స్ అనే సినిమా కంపెనీ కోసం చౌకగా, చకచకా చేసిన 16 పొట్టి టాకీలు ఈ సెట్‌లో ఉన్నాయి. కినో సంస్థ 2010లో రెండు డిస్కులుగా తెచ్చింది.

వరసగా చూడొద్దు, నాలుగోదానికే నీరసం వస్తుంది. ముందు ‘గ్రాండ్ స్లామ్ ఆపెరా’ (1936) పెట్టండి. రేడియో పోటీకెళ్లి, బంతులు ఎగరేసి పట్టుకునే విద్య చూపిస్తాడు. రేడియోలో! టాకీ వచ్చిందని మురిసిపోయే లోకానికి ఇంతకంటే చురక ఏముంటుంది? హోటల్ గదిలో డాన్సు అయితే చూసి తీరాలి. ముందు ఏడాదే వచ్చిన ‘టాప్ హ్యాట్’ సినిమాలో ఫ్రెడ్ ఆస్టైర్ వేసిన డాన్సుకి ఇది వెక్కిరింపు. సామాన్లెక్కి గంతులేస్తుంటే కింది గదిలో అమ్మాయికి నిద్రుండదు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు.

తర్వాత ‘వన్ రన్ ఎల్మర్’ (1935). ఎడారిలో ఎదురెదురుగా రెండు పెట్రోలు బంకులు, ఆపైన బేస్‌బాల్. మాటలు తక్కువే కాబట్టి ఇంగ్లీషు అందని పెద్దవాళ్లూ నవ్వుతారు. ‘పలూకా ఫ్రమ్ పడూకా’లో కీటన్ అమ్మానాన్నలూ చెల్లెలూ ఉన్నారు, దాన్ని అందుకోసం చూడొచ్చు. ‘మిక్స్‌డ్ మ్యాజిక్’, ‘ద కెమిస్ట్’ తీరికుంటేనే. ఇంకోమాట, నవ్వు కోసం వదిలిన ఖాళీలు ఒక్కరే కూర్చుంటే సాగదీతలా అనిపిస్తాయి. నలుగురితో చూడండి.

వైజాగ్‌లో దీన్ని ఆడించడమే అసలు పని. అమెరికా డిస్కు కాబట్టి ఎన్‌టీఎస్‌సీ, అంటే అక్కడి టీవీ పద్ధతి. తెప్పించేముందు అట్ట మీద రీజియన్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె, చూడండి. ఒకటి అని ఉంటే మన రీజియన్ 5 ప్లేయర్ తీసుకోదు, మల్టీ రీజియన్‌ది కావాలి. మన పద్ధతైన పాల్‌లో నడిచే పాత టీవీలో ఎన్‌టీఎస్‌సీ బొమ్మకి రంగులు పోతాయంటారు, ఇవెలాగూ నలుపు తెలుపే! బొమ్మ పైకీ కిందికీ దొర్లితే మాత్రం ప్లేయర్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ని పాల్‌కి మార్చాలి. టీవీలో బొమ్మ ఆకారం 4:3 పెట్టకపోతే సన్నటి కీటన్ బొద్దుగా తయారవుతాడు.

బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో తేమకి ప్లేయర్ లెన్స్ మసకబారుతుంది. బొమ్మ ఆగి ఆగి వస్తే డిస్కుని తిట్టుకోకుండా ముందు లెన్స్ తుడిపించండి. డిస్కుని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాకు వెంబడే పడుతుంది, అప్పుడిక ప్లేయర్ సర్దుకోలేదు.