మనసుకి ఏది మేలు: నాగావళి ఒడ్డున నడకా, జిమ్‌లో బరువులా?

గ్రూప్స్ పరీక్ష తప్పాక మూడు నెలలు నాకు సరిగ్గా నిద్ర లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది, ఇక తెల్లారే దాకా అదే ఆలోచన. అప్పుడు మొదలుపెట్టినవే ఈ రెండూ, ఇప్పటికీ మానలేదు.

నడకకి పైసా ఖర్చు లేదు. శ్రీకాకుళంలో పొద్దున్నే నాగావళి ఒడ్డుకి వెళ్తే చాలు, ఆ పొద్దుటి వెలుతురు కంటికి తగిలితేనే ఒంట్లో గడియారం దారికొస్తుంది, రాత్రి వేళకి నిద్ర ముంచుకొస్తుంది. కానీ ఒక్కడినే వెళ్లిన రోజు టెన్షన్ కూడా నా వెంటే నడిచేది. మా బావ తోడొచ్చాకే తేడా తెలిసింది. "ఏటి బావా, రాత్రి మళ్లీ మెలకువేనా?" అని అడిగేవాడు, నేను కాసేపు చెప్పుకునేవాడిని, ఆ తరవాత మాట వాళ్ల జీడితోట మీదకి వెళ్లిపోయేది.

బరువుల దగ్గర తోడు లేకపోయినా ఫర్వాలేదు. నలభై కిలోలు భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ చేస్తూ ఆరు, ఏడు అని లెక్కపెడుతుంటే, ముక్కు మీంచి చెమట చుక్క కింద మ్యాట్ మీద పడుతుంటే, పరీక్ష ఎక్కడ గుర్తొస్తుంది? పోయిన వారం లేవనిది ఈ వారం లేచిందంటే ఆ ధైర్యం రెండు రోజులుంటుంది. ఫీజు మాత్రం కట్టాలి. ఆడవాళ్లకి బరువులెందుకు అనేవాళ్లు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటేనని గుర్తుంచుకోవాలి.

2024లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో 218 అధ్యయనాలను కలిపి చూశారు. డిప్రెషన్ తగ్గించడంలో నడక, జాగింగ్, యోగా, బరువులు ముందున్నాయి. మధ్యలో మానేసినవాళ్లు యోగాలో, బరువుల్లో తక్కువ.

మంచం దిగబుద్ధి కానివాళ్లకి నేను చెప్పేది ముందు నడకే, పది నిమిషాలైనా సరే, ఎవరినైనా వెంటబెట్టుకుని. కాస్త కుదుటపడ్డాక వారానికి రెండు రోజులు బరువులు కలపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పేదీ అదే లెక్క: వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటిది, రెండు రోజులు కండరాలకి పని. డాక్టరు మందులు రాసి ఉంటే మాత్రం నడక మొదలైంది కదా అని మీ అంతట మీరు ఆపేయకండి, చచ్చిపోవాలనిపిస్తుంటే ఏ వేళైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.