కాకినాడలో ఒక సలహా కేంద్రం: బిల్లు వెనుక గీసిన బొమ్మ

మా అక్క మూడేళ్ల పాపకు మూత్రపిండం పైనున్న అడ్రినల్ గ్రంథిలో న్యూరోబ్లాస్టోమా (ఎదిగీ ఎదగని నాడీ కణాల్లో పుట్టే, పిల్లలకొచ్చే క్యాన్సర్) అని తేలాక, అమలాపురం నుంచి కాకినాడ వెళ్లి, పిల్లల క్యాన్సర్ రిపోర్టులను వివరించే ఒక కేంద్రంలో గంటసేపు కూర్చున్నాం.

అక్కడి వైద్యురాలు బిల్లు వెనుక పెన్నుతో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా బొమ్మ గీసి, కణం దెబ్బతిన్నప్పుడు బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు ఆ మైటోకాండ్రియా పొరకు రంధ్రాలు చేస్తాయని, వాటిలోంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికొచ్చి, కణాన్ని లోపలి నుంచి కూల్చే కాస్పేజ్ ఎంజైములను మేల్కొలిపితే కణం తనంతట తానే చనిపోతుందని, బీసీఎల్-2, ఎంసీఎల్-1 ప్రోటీన్లు ఎక్కువైతే ఆ రంధ్రాలు పడక గడ్డ మందులకు లొంగదని చెప్పారు. కాలువ మీద లాకు తలుపులు తీసి మూసే లస్కరుగా పనిచేసే మా బావగారు, “లాకు తలుపులు బిగిసిపోయినట్టా అమ్మా?” అని అడిగితే, ఆమె సరిగ్గా అంతేనన్నారు. ఆయన ముఖంలో భయం కొంత తగ్గడం నేను చూశాను.

కణాల పెరుగుదలను ఎగదోసే ఎంవైసీఎన్ జన్యువు ప్రతులు పెరిగిన న్యూరోబ్లాస్టోమా గడ్డల్లో చాలావాటిలో, ఆ కాస్పేజ్‌లలో ఒకటైన కాస్పేజ్-8 మూగబోతుందని 2000లోనే గుర్తించారట. బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది ఒక రకం రక్తక్యాన్సర్‌కేనని, పాపకు దాన్ని ఆశగా చూపబోనని ఆమె స్పష్టంగా చెప్పారు. ఆ నిజాయితీకే నా మొదటి మార్కు.

వెలితి ఒక్కటే: చెప్పినదేదీ తెలుగులో రాసి ఇవ్వలేదు. ఆ బిల్లునే జాగ్రత్తగా మడిచి తెచ్చుకున్నాం. వెళ్లేవారు బయాప్సీ, స్కాన్ కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి.